ఉస్తాదు చాప

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. ఇది మాత్రం పాతికమంది పిల్లల ఎదుట, పట్టపగలు, మసీదు వరండాలో చేశాను. చదువు చెప్పడం వచ్చినవాడికి చదువుకోవడం రాకుండా పోతుందా అనుకున్నాను. అదీ నా తెలివితక్కువతనం.

డెబ్బైల చివర్లో నేను పాలకొల్లుకి దగ్గర్లో ఒక హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. ముస్లిముల ఇంట పుట్టి ఛందస్సు చెబుతాడని ఊళ్ళో నాకు కొంచెం పేరు, నా మీద నాకు కొంచెం ఎక్కువ గౌరవం. మా తాతలు దూది ఏకి పరుపులు కుట్టినవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నమాజుకి కావలసిన నాలుగు ఖురాన్ సూరాలూ చిన్నప్పుడు చెవితో విని పట్టుకున్నవే తప్ప, అరబీ అక్షరం ఎదురుపడితే ఆనవాలు పట్టేవాణ్ణి కాను.

ఆ ఏడు రాజమండ్రి సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రికి గోదావరి గట్టున కలప అడితి ఉంది. మేం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన నా జీతం అడగలేదు, పొలం అడగలేదు. "అబ్బాయిగారు ఖురాన్ ఖతమ్ చేశారా అండీ?" అని మాత్రం అడిగారు. ఖతమ్ అంటే ఉస్తాదు ఎదుట కూర్చుని, అరబీలో చూసి చదువుతూ, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తి చేయడం. మా నాన్న నా వైపు చూశారు. సరిగ్గా అప్పుడే లోపలి గది పరదా కొంచెం కదిలింది. ఆ కదలికకి నా తల కూడా కదిలిపోయింది, పైకీ కిందకీ.

ఆయన ఎంతో సంతోషించారు. రంజాన్‌కి ముందు ఒక శుక్రవారం పాలకొల్లు వస్తాననీ, మా మసీదు ఇమాము హజ్రత్‌గారి సమక్షంలోనే తను తెరిచిన పేజీ నేను చదివితే వింటాననీ, తమ అల్లుళ్ళందరి దగ్గరా అలాగే విన్నాననీ చెప్పారు. నిఖా పండగ వెళ్ళాక. నేను అబద్ధమాడానని తెలిస్తే సంబంధం ఉండదని వేరే చెప్పక్కర్లేదు. నా చేతిలో అయిదు నెలలున్నాయి. పరదా వెనక మనిషి ముఖం నేనింకా సరిగ్గా చూడనే లేదు గానీ, అప్పటికే ఆ మనిషిని పోగొట్టుకోవడం ఇష్టం లేని స్థితికి వచ్చేశాను.

మర్నాడే మసీదుకి వెళ్ళాను. అక్కడ అసర్ నమాజు నుంచి మగ్రిబ్ దాకా, అంటే నాలుగున్నర దాటాక మొదలై పొద్దుగూకే దాకా, హజ్రత్ పిల్లలకి పాఠం చెబుతారు. బడి వదలగానే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళకి ఎదురుగా ఒక చాప, చాప మీద చిన్న దిండు. ఆరేళ్ళుగా రోజూ ఒక గదిలోకి వెళ్ళి పిల్లలకి ఎదురుగా ఉన్న చోట కూర్చోవడమే నా ఉద్యోగం. కాళ్ళకి ఉద్యోగం తెలుసు గానీ ఊరు తెలియదు కదా. అవి నన్ను తిన్నగా తీసుకెళ్ళి ఆ చాప మీద కూర్చోబెట్టాయి. పిల్లలు లేచి సలాం చెప్పారు. నేను చేత్తో కూర్చోమన్నాను కూడా.

హజ్రత్ వజూ చేసుకుని, అంటే ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని, తడి చేతులతో గుమ్మంలోకి వచ్చారు. ఆయన వెనకే ఖలీఫా. మా మసీదులో పెద్ద విద్యార్థిని ఖలీఫా అంటారు. పిల్లల పాఠం ముందు అతను విని 'అయింది' అంటేనే వాళ్ళు హజ్రత్ ఎదుటికి వెళ్ళాలి. ఉస్తాదు లేనప్పుడు కూడా ఆయన చోట కూర్చోకూడదన్నది విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి మర్యాద. నేను పుస్తకం తెరవక ముందే దాన్ని దిండుతో సహా అణగదొక్కేశాను. హజ్రత్ చిన్నగా నవ్వి, వెళ్ళి పిల్లల వరసలో చివర కూర్చున్నారు. ఆయన క్షమించారు. ఆయన తరఫున ఖలీఫా క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదని నా నమ్మకం. నేనూ అతన్ని క్షమించలేదు కాబట్టి లెక్క సరిపోయింది.

అతను నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్న. తండ్రికి బజార్లో సైకిలు షాపుంది. గొంతు చాలా మంచిది, అతను ఖురాన్ చదువుతుంటే దారిన పోయేవాళ్ళు ఆగేవారు. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, నిజం కనక రాస్తున్నాను. అతని నోట ఎప్పుడూ ఉండే మాట అదబ్. అదబ్ అంటే మర్యాద, చదువుకునేవాడికి ఉండవలసిన ఒద్దిక. అతను అదబ్ అన్నప్పుడల్లా నాకు అదుపు అనే వినబడేది.

మొదటిరోజు నాకు చిన్నపిల్లల ఖాయిదా, అంటే అక్షరాల పుస్తకం ఇచ్చి, ఆరేళ్ళవాళ్ళ వరసలో చివర కూర్చోమన్నాడు. బడిలో నేను గురువుని, ఇక్కడ లఘువుని. దానికి నాకేం బాధ లేదు. నిజానికి రెండువారాల్లో అక్షరాలన్నీ వచ్చేశాయి. గొంతు అడుగునుంచి రావలసిన రెండు మూడు మాత్రం రావడానికి మొరాయించాయి. కానీ నాకు రానిది అక్షరం కాదని, అదబ్ అని ఖలీఫా తేల్చాడు.

ఒకరోజు నా వంతు వచ్చేసరికి నా చేతుల వైపు చూశాడు.

"చేతికి సుద్ద ఉందండి, పంతులుగారూ."

"వజూ చేసుకునే వచ్చానండి."

"కనబడుతోంది గదండీ. ఖాయిదా పట్టుకునే చేయి అది. మళ్ళీ చేసుకు రండి."

మళ్ళీ చేసుకుని వచ్చేసరికి నా వంతు దాటిపోయింది. ఇంకోరోజు మోకాళ్ళ మీద కూర్చున్నవాణ్ణి తిమ్మిరెక్కి బాసింపట్టు వేసుకున్నాను. ఆ పూటకి పాఠం లేదు. ఇంకోరోజు వీధిలో కొబ్బరికాయల లారీ హారన్ కొడితే తల తిప్పాను. చదువు కంటే లారీ ముఖ్యమైనవాళ్ళు లారీ దగ్గరికే వెళ్ళాలన్నాడు. ఉస్తాదు చెప్పకుండా పేజీ తిప్పడం కూడా తప్పే. ఆ ఒక్క తప్పు మాత్రం నేను చేయలేదు, పేజీ తిప్పే అవసరం రెండు నెలలపాటు రానేలేదు. ఒకసారి, ఈ అక్షరం మాట మధ్యలోకి వచ్చేసరికి రూపం ఎందుకు మార్చుకుంటోందని అడిగాను. బడిలో పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే నేను ఆ వారమంతా ఆనందంగా ఉండేవాణ్ణి.

"అడగడానికి మేమున్నాం. చెప్పడానికి మీరున్నారు. ఇక్కడ మీ హైస్కూలు పెట్టకండి," అన్నాడు.

మా గోదావరి జిల్లాల్లో పగకి కూడా 'గారు' తగిలిస్తాం, తిట్టుకి కూడా 'అండి' అతికిస్తాం. వినేవాళ్ళకి మేమిద్దరం ఒకరినొకరు నెత్తిన పెట్టుకుంటున్నట్టే ఉండేది. పక్కనున్న పిల్లలకి మాత్రం బాగా తెలుసు. అతను నన్ను పిలవగానే పలకలు పక్కన పెట్టి చూసేవారు.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ మర్యాదల్లో చెడ్డది ఒక్కటీ లేదు. శుభ్రంగా రావడం, ఒద్దికగా కూర్చోవడం, చెప్పేవారి మాటకి అడ్డం రాకపోవడం మా తొమ్మిదో తరగతికి వచ్చి ఉంటే నా గొంతు ఇంతగా పాడయ్యేది కాదు. కానీ అతను వాటిని నాకు నేర్పడం లేదు, నా మీద విసురుతున్నాడు. నా సబక్, అంటే ఆనాటి పాఠం, ఎంత సబబుగా ఉన్నా, నా కూర్చోవడమో దగ్గడమో టోపీయో వంకరగా ఉండేది. హజ్రత్‌తో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. పెద్ద విద్యార్థి మీద ఉస్తాదుకి ఫిర్యాదు చేయడం కూడా అదబ్ కాదు. ఆ దారి అతను ముందే మూసి ఉంచాడు. ఇక ఆ కోపమంతా మర్నాడు పొద్దున్న గణవిభజనలో తప్పు చేసిన తొమ్మిదో తరగతి వాళ్ళకి దక్కేది. వాళ్ళకి ఈ సందర్భంగా, చాలా ఆలస్యంగా, క్షమాపణలు.

రెండు నెలలయ్యాక కూడా నేను మొదటి పేజీలోనే ఉన్నానని విని మా అమ్మ గుండె పట్టుకుంది. మసీదు వెనక సందులో బొంతలు కుట్టే ఆపా దగ్గరికి వెళ్ళమంది. ఆపా అంటే అక్క. ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి, అయినా సందుకంతటికీ అక్కే. భర్త పోయాక బొంతలు కుట్టుకుంటూ, కుడుతూనే ఆడపిల్లలకి ఖురాన్ చెబుతుండేది. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఎందుకొచ్చావు?" అంది.

"ఖురాన్ నేర్చుకుందామనండి."

"అల్లా కోసమా, పెళ్ళి కోసమా?"

సందులో ఏ వార్తయినా నాకంటే ముందే వెళ్ళిపోతుంది. రాజమండ్రిలో ఊపిన తల గుర్తొచ్చి ఈసారి జాగ్రత్తపడ్డాను. "పెళ్ళి కోసమేనండి," అన్నాను.

"సరే, నిజం చెప్పావు. ఆ దూది మూట అవతలికి జరిపి కూర్చో."

ఎలా కూర్చోవాలో చెప్పలేదు. అదే రోజు వేసవి సెలవులు మొదలయ్యాయి. ఆ సెలవులంతా పొద్దున్న ఏడింటి నుంచి, ఎండ అరుగెక్కి మా ఇద్దర్నీ లోపలికి తరిమేదాకా, అక్కడే చదివాను. ఆవిడ మెత్తని మనిషి అనుకుంటే పొరపాటు. వేలికి ఇత్తడి తొడుగు ఉండేది, తప్పు చదివితే దాంతో నేల మీద టక్కుమని కొట్టేది. ఆవిడ కళ్ళు బొంత మీదే ఉండేవి, నా ముందున్న పేజీ వైపు ఒక్కసారి చూసేది కాదు. అంతా నోటికే వచ్చు. గొంతు అడుగు అక్షరం నాకు రాకపోతే, "పంతులూ, చేపముల్లు ఇరుక్కున్నప్పుడు ఎలా అంటావో అలా అను," అంది. వచ్చేసింది. వాక్యం అయిన చోట ఆవిడ సూది పైకి లాగేది. దారం పూర్తిగా బయటికి వచ్చేదాకా నేను ఆగాలి. అది వచ్చాకే తర్వాతి వాక్యం. అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పేది. తెలియకపోతే తెలియదని చెప్పేది.

సాయంత్రాలు మాత్రం మసీదుకి మానలేదు. మానితే ఖలీఫా గెలిచినట్టు. ఎండలు ముదిరాక అతను దయతలచి నన్ను ఖాయిదాలో రెండో పేజీకి పంపాడు. అప్పటికి పొద్దున్న నేను ఖురాన్ సగం దాటాను.

ఒకరోజు మేం అరుగు మీద ఉండగా అతను సైకిలు మీద సందులోంచి పోయాడు. నన్ను చూసే ఉంటాడు, లేదా దూది మూట చాటున చూడలేదేమో తెలియదు. ఆపా వైపు మాత్రం చూశాడు. సలాం చెప్పలేదు. బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

"వీడికి మొదటి అక్షరం అలిఫ్ పలికించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది," అంది ఆపా, కుడుతూనే.

ఎవరికి అని అడిగాను.

"మీ ఖలీఫాకి. ఆరేళ్ళప్పుడు ఈ అరుగు మీదే. వాళ్ళమ్మ వేలు పట్టుకుని తెచ్చి దింపేది. రెండేళ్ళు చెప్పాను. ఇప్పుడు ఎవరన్నా అడిగితే మొదట్నుంచీ హజ్రత్ దగ్గరే అంటాడంట. నాకు సలాం చెబితే ఒంటికి దూది అంటుకుంటుందేమో."

ఆవిడ కంఠంలో బాధేమీ లేదు, బాగా పాత విషయం చెబుతున్నట్టుంది. బాధంతా నాకే వచ్చింది, నిజం చెప్పాలంటే బాధ కాదు, మహదానందం. నా సుద్ద చేతులకి మూడు నెలలుగా అదబ్ నేర్పుతున్నవాడు తనకి అక్షరం పెట్టినావిడకి సలాం ఎగ్గొడుతున్నాడు. ఆ మాట మనసులో మడిచి పెట్టుకున్నాను. ఆ రోజు తప్పులు కూడా తక్కువే చదివాను.

బడులు తెరిచిన రెండు వారాలకి ఆపా దగ్గర చివరి పేజీ అయింది. సరిగ్గా అప్పుడే రాజమండ్రి నుంచి హజ్రత్‌కి ఉత్తరం వచ్చింది, వచ్చే శుక్రవారం అసర్ తర్వాత వస్తున్నామని. హజ్రత్ నేనెంతవరకు వచ్చానని ఖలీఫాని అడిగారు. నేను పిల్లల వరసలోనే ఉన్నాను, నాకు వినబడేలాగే చెప్పాడు.

"ఇంకా ఖాయిదాలోనే ఉన్నారండి. అదబ్ రాందే ముందుకి పంపితే చదువుకే అవమానం అండి."

హజ్రత్ ముఖం చిన్నబోయింది. ఆయన లోపలికి వెళ్ళాక ఖలీఫా నా దగ్గరికి వచ్చి వంగి, మెల్లిగా అన్నాడు: "పంతులుగారూ, ఇంకో ఏడాది పడుతుందని వాళ్ళకి మీరే రాసెయ్యండి. నలుగురిలో తల దించుకునే కంటే నయం గదండీ. అయినా, అన్ని సంబంధాలూ అందరికీ కుదరాలని ఏముంది? దూదేకేవాళ్ళకి రాజమండ్రి కలప కొంచెం బరువు."

తరతరాల దూది ఒక్కసారి గొంతుకి అడ్డం పడింది. "రానివ్వండి ఖలీఫాగారూ. మీరూ తప్పకుండా ఉండాలి," అని మాత్రం అన్నాను. అతను తప్పకుండా ఉంటానన్నాడు. ఆ శుక్రవారం అతను గంజి పెట్టిన తెల్ల లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని, అందరికంటే ముందే వచ్చాడు. అదంతా నా పతనం కోసం.

హజ్రత్ తన చాప మీద, రాజమండ్రి ఆయన, మా నాన్న పక్కన, పిల్లలు చుట్టూ. నేను ఎదురుగా, మోకాళ్ళ మీద. రాజమండ్రి ఆయన ఖురాన్ తెరిచారు. మొదట్లోనో చివర్లోనో తెరుస్తారని నా ఆశ, సరిగ్గా నట్టనడుమ తెరిచారు. మొదటి అక్షరమే గొంతు అడుగుది. చేపముల్లుని తలుచుకుని మొదలుపెట్టాను. మూడో వరసలో ఒకచోట పొల్లు మింగేశాను. ఆయన వేలెత్తారు. నేను వెనక్కి వెళ్ళి సరిచేసుకున్నాను. ఆ తర్వాత ఆయన వేలు ఒళ్ళోంచి లేవలేదు. పేజీ చివరికి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. హజ్రత్ మాత్రం నన్నే చూస్తున్నారు, వింతగా.

"ఇక నిఖా తారీఖు మార్చే పని లేదండి," అన్నారు రాజమండ్రి ఆయన మా నాన్నతో. మా నాన్న జేబురుమాలు తీశారు.

ఖలీఫా తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందుకి జరిగి, చేతులు కట్టుకుని, రాజమండ్రి ఆయనతో వినయంగా అన్నాడు: "రోజూ నేనే వినేవాణ్ణండి. కొంచెం గట్టిగానే ఉండాల్సి వచ్చింది. అదబ్ ముందు, చదువు తర్వాత గదండీ."

ఆయన అతని భుజం తట్టబోయారు. హజ్రత్ చేయెత్తి ఆపారు.

"వాక్యానికీ వాక్యానికీ మధ్య ఇంతసేపు ఆగడం నా దగ్గర చదివిన ఎవరికీ లేదే. నీకెవరు చెప్పారు నాయనా?"

ఉస్తాదు ఎవరని అడిగితే దాచడం చదువుకున్నవాడికి తగదు. ఈ ఒక్క మర్యాద పాటించడానికి నేను చాలా రోజులుగా సిద్ధంగా ఉన్నాను.

"ఖలీఫాగారి దగ్గర ఖాయిదాలో రెండు పేజీలు చదివానండి. ఖురాన్ అంతా వెనక సందులో బొంతలు కుట్టే ఆపాగారు చెప్పారు. ఖలీఫాగారికి అలిఫ్ పెట్టింది కూడా ఆవిడేనండి. మా ఇద్దరిదీ ఒకటే అరుగు."

పిల్లల్లో ఎవరో కిచకిచమన్నారు. ఖలీఫా లాల్చీకి పెట్టిన గంజి ముఖానికి ఎక్కింది. హజ్రత్ అతనివైపు తిరిగి, నిజమేనా అని అడిగారు. అతను నేలకేసి చూస్తూ, చిన్నప్పుడు కొన్నాళ్ళండి అన్నాడు. ఆవిడ సంగతి ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదే అన్నారు హజ్రత్. అంతకంటే ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ అంతకంటే అనరు.

మా వైపు ఖతమ్ అయిన రోజున మిఠాయి పళ్ళెం ముందు చెప్పినవారి ఇంటికి వెళుతుంది, తర్వాతే మిగతావాళ్ళు నోట్లో వేసుకోవాలి. మా నాన్న ధైర్యం చేసి ఒక పెద్ద ఇత్తడి పళ్ళెం నిండా కాజాలు తెచ్చి ఉంచారు. అందరూ నన్ను తీసుకెళ్ళమన్నారు. నేను చేతులు కట్టుకున్నాను.

"పెద్ద విద్యార్థి ఉండగా నేను మొయ్యడం అదబ్ కాదు గదండీ," అన్నాను హజ్రత్‌తో. "ఖలీఫాగారు ముందు నడవాలి. నేను వెనక వస్తాను."

హజ్రత్ తల ఊపారు. ఆయన కళ్ళలో చిన్న మెరుపు కనిపించిందని నా అనుమానం, రుజువు లేదు.

అతను రెండు చేతులా పళ్ళెం ఎత్తుకున్నాడు. నేను వెనక. బజారు మీదుగా, వాళ్ళ నాన్న సైకిలు షాపు ముందునుంచి, సందులోకి. షాపులోంచి తండ్రి తొంగిచూసి ఏంటిరా అది అన్నాడు. అతను అడుగు వేగం పెంచాడు. పాకం కారి అత్తరు రాసిన ముంజేతుల మీదికి దిగుతోంది, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు.

ఆపా అరుగు మీద కుడుతోంది. మేం వెళ్ళి ఎదురుగా నిలబడ్డాం. ఆవిడ కుడుతుంటే తలెత్తదు, పైగా ఒక చెవి సరిగ్గా వినబడదు. "ఆపా, పళ్ళెం వచ్చింది" అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఖలీఫా తల తిప్పి, అనమన్నట్టు నావైపు చూశాడు. ఉస్తాదు పనిలో ఉన్నప్పుడు పలకరించకూడదని అతనికి నేను చెప్పక్కర్లేదు కదా. చేతులు కట్టుకుని ఒద్దికగా నిలబడ్డాను.

ఆవిడ ఆ అంచు పూర్తి చేసి, దారం తెంపి, బొంతని రెండో అంచుకి తిప్పుకుంది. అది డబుల్ కాట్ మంచానికి కుడుతున్న బొంత.